ఫ్రెంచి హోటల్లో మా బావ

మొదటి రోజు, శనివారం

పల్నాడు ఎక్స్‌ప్రెస్ కృష్ణ దాటేసరికి చీకటి పడిపోయింది. మిర్యాలగూడ దాకా నిద్ర, ఆ తర్వాత పల్లీలు. పిడుగురాళ్ళలో సున్నం బట్టీల వాసన తగిలితే ఇంక ఊరు దగ్గరపడ్డట్టే అని నాకు చిన్నప్పటి లెక్క. నల్లపాడు దాటాక రెండో వాసన మొదలైంది. మార్చి మొదటి వారం, మిర్చి సీజను మంచి ఊపు మీదుంది. ఎదురు సీట్లో పిల్లాడు వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు. వాళ్ళమ్మ బ్యాగులు దించుతూ "లేరా, గుంటూరొచ్చింది" అంది. ఆవిడ బోర్డు చూడనే లేదు.

స్టేషను బయట బావ స్కూటర్ మీద కాలు నేలకానించి ఉన్నాడు. మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్ళ నుంచి కమీషన్ వ్యాపారం ఆయనది. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా యార్డు వాసన పోదు. వెనక కూర్చుంటే మనకి కళ్ళమ్మట నీళ్ళు. "ఏరా, చిక్కిపోయావేం? హైదరాబాదులో తిండి లేదా?" అన్నాడు. ఎప్పుడొచ్చినా ఇదే మాట. కిందటిసారి కన్నా నాలుగు కిలోలు పెరిగాను.

అక్క గోంగూర పచ్చడి, ముద్దపప్పు, దొండకాయ వేపుడు చేసి పెట్టింది. రెండో వాయి అన్నం పెడుతూ, "రేపు రాత్రి వంట లేదు. అందరం ఫ్రెంచి హోటలుకి వెళ్తున్నాం" అంది. నాకు పొలమారింది.

ఆ హోటలుకి ఒక పేరుంది. బోర్డు మీద వంకర టింకర అక్షరాల్లో రాసి ఉంటుంది. దాన్ని ఎలా పలకాలో ఎవరికీ తెలీదు కాబట్టి పేటంతా ఫ్రెంచి హోటలనే అంటారు. రెండేళ్ళ కిందట, తెరిచిన నెలలోనే ఓసారి వెళ్ళాం. ఆ రాత్రి నేను మర్చిపోలేదు. ఉల్లిపాయ సూపు అని తెచ్చిపెట్టారు. నల్లగా ఉంది, చేదుగా ఉంది. పక్కన పెట్టిన రొట్టెతో కుక్కని తరమొచ్చు. బావ రెండు చెంచాలు తాగి, కుర్రాణ్ణి పిలిచి, "కారప్పొడి ఉందా బాబూ?" అని మర్యాదగానే అడిగాడు. వాడు లోపలికెళ్ళి వచ్చి, నేల చూపులు చూస్తూ, "షెఫ్ గారు ఇవ్వొద్దన్నారండీ" అన్నాడు.

గుంటూర్లో కూర్చుని, మిర్చి కమీషన్ వ్యాపారికి, కారం ఇవ్వొద్దన్నారు! బావ మొహం తేజ రకం మిరపకాయలా ఎర్రబడింది. బిల్లు కట్టి, చిల్లర కూడా తీసుకోకుండా లేచాడు. ఇంటికొచ్చి రాత్రి పదిన్నరకి అందరం ఆవకాయన్నం తిన్నాం. ఈ కథ హైదరాబాదులో నేను చెప్పని మనిషి లేడు.

"అక్కడికా?" అన్నాను.

"ఇప్పుడు అప్పట్లా లేదురా. ఆదివారం టేబుల్ దొరకడమే గగనం" అంది అక్క. బావ ఏదైనా అంటాడేమోనని చూశాను. ఆయన తలొంచుకుని మజ్జిగలో ఉప్పు కలుపుకుంటున్నాడు. ఆ మౌనం ఏమిటో అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

రెండో రోజు, ఆదివారం

టేబుల్ చెప్పుకుందామని ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నడుచుకుంటూ వెళ్ళాను. బ్రాడీపేటలో నడక సుఖం. దారులన్నీ గళ్ళనోటు పుస్తకంలా ఉంటాయి. 4/9 అంటే నాలుగో లైను, తొమ్మిదో అడ్డరోడ్డు. కొత్తవాడికి కూడా దారి అడిగే పని లేదు.

దార్లో ఒకటి గుర్తొచ్చింది. ఫ్రెంచివాళ్ళు ఈ ఊరికి కొత్త కాదు. 1752లో కొండవీటి నుంచి పాలనా కేంద్రాన్ని గుంటూరుకి మార్చింది వాళ్ళే. మరుసటేడు మిగతా ఉత్తర సర్కారు జిల్లాలు కూడా ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికొచ్చాయి. ఎన్నాళ్ళో నిలవలేదనుకోండి. 1788కల్లా గుంటూరు ఇంగ్లీషువాళ్ళ ఖాతాలో పడింది. ఊరిని ఊరుగా పెంచినవాళ్ళు ఇక్కడి వంటింట్లో ఒక్క గరిటె కూడా వదిలి వెళ్ళలేదు. ఎక్కడో అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు ఓడల్లో వచ్చిన మిరపకాయ మాత్రం ఇక్కడే కాపరం పెట్టేసింది.

ఏడున్నరకి వెళ్ళేసరికి హోటలు ముందు క్యూ ఉంది. పక్కనే చిన్న కిటికీలోంచి క్రోసాన్లు అమ్ముతున్నారు. నిక్కర్లలో వాకింగ్ నుంచి వచ్చినవాళ్ళు, ట్యూషన్ పిల్లలు, పాల ప్యాకెట్లు పట్టుకున్న ఒక ముసలాయన. నా ముందు ఇద్దరుండగా అయిపోయాయన్నారు. "ఇంకో ట్రే లేదా?" అని అడిగితే కిటికీలో అమ్మాయి నవ్వింది. "ఎండలు ముదిరాయి కదండీ, ఎక్కువ చెయ్యలేం" అంది.

ఎండకీ దీనికీ సంబంధం ఏమిటంటే వెన్న. క్రోసాన్ పిండిని పరిచి, మధ్యలో వెన్న పలక పెట్టి, మడతలు వేసి ఒత్తి, మళ్ళీ మడిచి ఒత్తుతారు. పిండీ వెన్నా పొరలు పొరలుగా విడివిడిగా ఉంటేనే పొయ్యిలో ఆవిరికి పొంగి, పొరలు విచ్చుకుంటాయి. వెన్న కరిగి పిండిలో కలిసిపోయిందా, అది బన్ను. గుంటూరు మార్చిలో వెన్న కరగడానికి మనిషి ఊపిరి చాలు. అందుకని తెల్లవారుజామున మూడింటికి, ఏసీ గదిలో, వాటం కుదిరినన్నే చేస్తారట.

టేబుల్ సంగతి అడగడానికి వెనక వైపు వెళితే వంటిల్లు కనపడింది. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు కత్తిపీటల ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. పొయ్యి మీద మా పెళ్ళిళ్ళలో పప్పు వండేంత గిన్నె. దాని నిండా తెల్లగా ఉల్లిపాయ ముక్కలు. కింద మంట ఉందో లేదో తెలీనంత సన్నగా ఉంది. షెఫ్ గారే గరిటె పట్టుకుని ఉన్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి, తెనాలి వైపు మనిషి, మాటలో ఆ సాగు ఉంది. నేనెవరో చెప్పకుండా, రాత్రికి ఐదుగురికి చోటు కావాలన్నాను. ఎనిమిదింటికి రమ్మన్నాడు. నేను కదలకపోయేసరికి, "చూస్తారా? చూడండి, ఏముందీ, ఉల్లిపాయలేగా" అన్నాడు.

నిలబడి చూశాను. మొదటి పావుగంటా ఏమీ జరగలేదు. ముక్కలు మెత్తబడి గాజులా అయ్యాయి, గిన్నె అడుగున నీళ్ళు ఊరాయి. ఆ నీళ్ళు ఇగిరేదాకా రంగు రాదట. ఇగిరాక మెల్లగా గోధుమ గింజ రంగు, తర్వాత కొత్త బెల్లం రంగు. ఆయన గరిటెతో అడుగు గీకుతున్నాడు, అంటుకున్న ఎరుపు మళ్ళీ ముక్కల్లోకి దిగుతోంది. వాసన మారిపోయింది. కంట నీరు తెప్పించిన ఉల్లిపాయ ఇదేనా అనిపించేంత తియ్యటి వాసన. ముప్పావుగంట దాటేసరికి గిన్నె నిండా ఉన్నది అడుగుకి చేరింది.

"మంట పెంచితే?" అన్నాను.

"అంచులు మాడతాయి, లోపల పచ్చిగా ఉంటుంది. చేదు. తెరిచిన కొత్తలో నేనే చేశాను ఆ పాపం. జనం వచ్చేస్తున్నారని టెన్షన్‌లో పెద్ద మంట పెట్టేవాళ్ళం. చాలామంది తిట్టుకుంటూ పోయారు."

ఆ చాలామందిలో నేనూ ఉన్నానని చెప్పలేదు.

మధ్యాహ్నం అక్క చేసిన చేపల పులుసు తిని నాలుగింటి దాకా పడుకున్నాను. గుంటూరు మధ్యాహ్నాల గురించి రాయడానికి ఇంతకన్నా ఏమీ లేదు.

ఎనిమిదింటికి అక్క, బావ, మేనకోడలు, బావ వాళ్ళమ్మ, నేను. అత్తయ్య గారికి శనివారం, సోమవారం నీచు నిషేధం. ఆదివారం కాబట్టి ధైర్యంగా వచ్చింది. తలుపు తీసిన కుర్రాడు మమ్మల్ని చూడగానే బావకి నమస్కారం పెట్టాడు. రెండేళ్ళ కిందట కారం లేదన్నవాడే, ఇప్పుడు మీసాలొచ్చాయి.

"రండి సార్. మీ మూల టేబుల్ ఇవాళ ఖాళీ లేదండీ, ఆదివారం కదా. ఇక్కడ వేశాం."

ఎవరం కూర్చోలేదు. అక్క బావ వైపు తిరిగింది. "మీ మూల ఏంటండీ?"

బావ కుర్చీ లాక్కుని కూర్చుని మెనూ తీశాడు, తలకిందులుగా. మేనకోడలు సరిచేసి ఇచ్చింది.

ముందు సూపు వచ్చింది. మట్టి రంగు గిన్నెలో పైన రొట్టె ముక్క, దాని మీద చీజ్ బుడగలు పొంగి అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా కాలి ఉంది. చెంచాతో పొడిస్తే ఆ కప్పు తెగి లోపలి పులుసు పైకొచ్చింది. రొట్టె సగం నాని మెత్తగా, సగం ఇంకా గట్టిగా. కింద ఉల్లిపాయ, పొద్దున నేను చూసిన ఆ బెల్లం రంగు ఉల్లిపాయ, పంటి కింద ఆనకుండానే పోతోంది. పల్చటి మేక ఎముకల రసం. ఫ్రాన్సులో ఎద్దు ఎముకలు కాస్తారట, వైన్ కూడా పోస్తారట. ఇక్కడ ఆ రెండూ కుదరవు. వైన్ బదులు ఒక చుక్క ద్రాక్ష వెనిగర్. చీజ్ పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ నుంచి వస్తుంది.

రెండేళ్ళ కిందట తాగింది దీని పేరు పెట్టుకున్న ఇంకేదో.

టేబుల్ మీద ఒక చిన్న సీసాలో కారప్పొడి ఉంది. అదీ కొత్తదే. చుట్టూ చూశాను. ప్రతి టేబుల్ మీదా ఉంది, ఎవరూ ముట్టుకోవట్లేదు. బావ కూడా.

బాతు మాంసం వచ్చింది. కాన్ఫీ అంటారు. రాత్రంతా ఉప్పు పట్టించి, బాతు కొవ్వులోనే ముంచి, సలసల మరగనివ్వకుండా గంటల తరబడి ఉడికిస్తారు. ఫ్రిజ్‌లు లేని కాలంలో మాంసం నిలవ చేసుకునే ఉపాయం. ఆ కొవ్వు గడ్డకట్టి మూతలా పనిచేసేది. కత్తీ ఫోర్కూ పక్కన పెట్టి బావ చేత్తో తిన్నాడు, ఎముక ఊడొచ్చేసింది. వంకాయ, టమాటా, క్యాప్సికం కలిపి చేసిన రాటటూయ్ మాత్రం నాకు ఎక్కలేదు. వంకాయ విషయంలో నేను నిష్పక్షపాతంగా ఉండలేను. అత్తయ్య గారు చివర్లో వచ్చిన క్రెమ్ కారమెల్ చూసి "జున్ను" అని తీర్పు చెప్పి రెండు తిన్నది. ఏది చూసినా మనది దీనిలాగే ఉంటుంది అనే జబ్బు మనకుంది. అయితే జున్ను విషయంలో ఆవిడతో వాదించే శక్తి నాకు లేదు.

జనం కొంచెం పల్చబడ్డాక షెఫ్ గారు వచ్చి కూర్చున్నాడు. పుదుచ్చేరిలో మొదలుపెట్టి, ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఆరేళ్ళు పనిచేశాడట. అక్కడ బుషాన్ అని పేటకొకటి ఉండే చిన్న హోటళ్ళు, పట్టు నేతగాళ్ళ కాలం నుంచీ పేరుపడ్డవి. బోటి కూడా వండుతారు. "ఇక్కడ అలాంటిదే పెడదామనుకున్నా. జనం ఫొటోలు తీసుకునే హోటలనుకుని వచ్చారు" అని నవ్వాడు. రొట్టె గురించి అడిగితే ఉత్సాహం వచ్చింది. ఫ్రాన్సులో 1993లో ఒక ఉత్తర్వు వచ్చింది. సంప్రదాయ రొట్టె అని పేరు పెట్టి అమ్మాలంటే అందులో సంకలితాలు కలపకూడదు, గడ్డకట్టించి దాచకూడదు. ఆ నియమం ఇక్కడ ఎవరూ అడగరు. ఆయన మాత్రం పాటిస్తున్నాడు. అందుకే ఆ రొట్టె పొద్దుటిది రాత్రికి కర్రవుతుంది. అప్పుడు దాన్ని సూపులో వేస్తారు.

"ఈ సూపు కూడా గొప్పవాళ్ళ వంటకం కాదండీ" అన్నాడు. "పారిస్ నడిబొడ్డున లే ఆల్ అని పెద్ద మార్కెట్టు ఉండేది. 1969లో ఊరి బయటికి, రంజీస్‌కి తరలించేశారు. అర్ధరాత్రి సరుకు దిగేది. మూటలు మోసేవాళ్ళు తెల్లారేలోపు దీన్ని తాగేవాళ్ళు. వాళ్ళని 'ఫోర్' అనేవాళ్ళు, బలవంతులని. వెడల్పాటి అంచు టోపీలు పెట్టుకునేవాళ్ళు."

బావ ముందుకి వంగాడు. "అంటే హమాలీలు."

"హమాలీలేనండీ."

తర్వాత ఆయన లోపలికెళ్ళి బొటనవేలంత సీసా ఒకటి తెచ్చాడు. ఎస్పలెట్ కారం. ఫ్రాన్సుకి నైరుతి మూల, బాస్క్ ప్రాంతంలో ఎస్పలెట్ అనే ఊళ్ళో ఇళ్ళ గోడల నిండా మిరపకాయల దండలు వేలాడదీసి ఎండబెడతారు. 2000లో దానికి ప్రాంతీయ గుర్తింపు వచ్చింది. ఆ చుట్టుపక్కల పది ఊళ్ళలో పండిందే ఆ పేరుతో అమ్మాలి. బావ మూత తీశాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఒక్కసారిగా బయటికొచ్చింది. అరచేతిలో చిటికెడు పోసుకుని, దీపం వెలుతురుకి పట్టి, వేలితో పరిచి రంగు చూశాడు. బొటనవేలితో నలిపి గింజ ఎంత పడిందో చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలిక చివర అంటించుకుని కళ్ళు మూసుకున్నాడు. మేం నలుగురం ఊపిరి బిగబట్టాం.

"కారం ఏదీ?" అన్నాడు.

ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో అది 4,000 దాటదు. మన సన్నం మిరపకాయలు 35,000 నుంచి 40,000. "మనదాంట్లో పదోవంతు" అని బావ తృప్తిగా తల ఊపి ధరెంతన్నాడు. షెఫ్ గారు చెప్పాడు. బావ దాన్ని మనసులోనే క్వింటాలుకి మార్చుకున్నాడు, పెదాలు కదిలాయి. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక డాబా మీద మంచాలు వేసుకున్నాం. మూల టేబుల్ సంగతి నేనే అడిగాను.

"పొద్దున ఆరింటికి వెళ్తే సాయంత్రం దాకా కారంలోనే ఉంటాన్రా. ముక్కులో కారం, గొంతులో కారం, నీళ్ళు తాగితే నీళ్ళలో కారం. ఇంటికొస్తే మీ అక్క పచ్చడి. ఆర్నెల్ల కింద డాక్టరు అల్సరన్నాడు. మీ అక్కకి చెప్తే రోజూ బీరకాయ పప్పు పెడుతుంది. ఓ రోజు యార్డు నుంచి వస్తూ వాన పడితే ఆ హోటల్ అరుగు ఎక్కా. వాసన బాగుందని లోపలికెళ్ళా. ఆ సూపు గొంతు దిగుతుంటే..." ఆగాడు. "ఏదో చల్లటి చెయ్యి పెట్టినట్టుంది."

"ఒక్కరే వెళ్తారా?"

"మొదట్లో ఒక్కణ్ణే. ఇప్పుడు నలుగురం. ఆ మూల టేబుల్ యార్డు వాళ్ళదే. నలుగురికీ అల్సర్లే. బయట చెప్పుకోం. మిర్చి వ్యాపారే కారం తినలేనంటే సరుకెవడు కొంటాడ్రా?"

మెట్ల మీద అలికిడైంది. అక్క దిండ్లు తెచ్చింది. ఎంతవరకు విన్నదో తెలీదు. దిండ్లు పడేసి, "రేపట్నుంచి బీరకాయ పప్పే" అని దిగిపోయింది. తెలిసిపోయింది కాబట్టే ఇదంతా రాయగలుగుతున్నాను.

మూడో రోజు, సోమవారం

శని, ఆదివారాలు యార్డుకి సెలవు. అందుకని సోమవారం సరుకు విరగబడుతుంది. ఐదున్నరకి బయల్దేరాం. బావ స్కూటర్ హ్యాండిల్‌కి ఒక స్టీలు క్యారియర్ వేలాడుతోంది. రాత్రే షెఫ్ గారి దగ్గర సూపు కట్టించుకున్నాడట, పొద్దున వేడిచేశాడు. ఎవరికని అడిగితే చెప్పలేదు.

చుట్టుగుంట దగ్గర్నుంచే లారీలు బారులు తీరి ఉన్నాయి. లోపల ఎటు చూసినా టిక్కీలే. ఇక్కడ మిర్చి బస్తాని టిక్కీ అంటారు. తేజ సన్నగా పొట్టిగా నిప్పులా ఉంటుంది. బాడిగ ముడతలు పడి, కారం తక్కువ, రంగు ఎక్కువ. 334 మధ్యరకం. రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయలు వేరే కుప్ప. కొనేవాళ్ళు బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు లాగి, ఒక కాయ విరుస్తారు. టప్పున విరిగితే ఎండింది, వంగితే తేమ. ఒక పక్క ఆడవాళ్ళు తలగుడ్డలు ముక్కులకి చుట్టుకుని తొడిమలు తీస్తున్నారు. కర్చీఫు అడ్డం పెట్టుకున్నా నాకు ఐదో నిమిషానికి తుమ్ములు. వాళ్ళు నన్ను చూసి నవ్వుకున్నారు.

బావ కొట్టు ముందు హమాలీ మేస్త్రి ఉన్నాడు. అరవై దాటాయి, ఇంకా బరువెత్తుతాడు. భుజం మీద గోనెపట్టా, చేతిలో కొక్కెం. బావ క్యారియర్ మూత తీసి గ్లాసులో పోసిచ్చాడు.

"ఏందయ్యా ఇది?"

"ఉల్లిపాయ పులుసు. పారిస్ అని ఫ్రాన్సులో ఊరు. అక్కడ నీలాంటి హమాలీలు తెల్లారగట్ల ఇదే తాగేవాళ్ళంట. తాగి చూడు."

పెద్దాయన కొక్కెం నడుముకి దోపుకుని, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, టీ ఊదుకున్నట్టు ఊదుకుంటూ తాగాడు. మేమిద్దరం ఆయన మొహమే చూస్తున్నాం. ఆఖర్న అడుగున మిగిలిన ఉల్లిపాయని వేలితో లాక్కుని తిన్నాడు.

"రుచిగానే ఉందయ్యా. తియ్యగా ఉంది. కానీ దీంతో రెండో టిక్కీ లేవదు. ముద్ద ఏదీ?"

బావ నా వైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. రొట్టె పొట్లం అక్కావాళ్ళింట్లో ఫ్రిజ్ మీదే ఉండిపోయింది.

"దీంట్లో రొట్టె వేస్తారు పెద్దయ్యా" అన్నాను. "ఇంటి దగ్గర మర్చిపోయాం."

"మరదేగదయ్యా ఉండాల్సింది" అని గ్లాసు తిరిగిచ్చి, మూతి తుడుచుకుని, లారీ వైపు నడిచాడు.